ఏం చేయించమంటారు, హజ్రత్?

ప్రతి సంవత్సరం ఎండలు ముదిరే వేళకు మా మసీదులో అస్ర్ నమాజు తరువాత ఒక ప్రశ్న నా కోసం కాచుకుని ఉంటుంది. జమాఅతు ముగిసి, నేను చెప్పుల దగ్గరకు చేరేలోపు ఎవరో ఒక తండ్రి ఎదురుగా వచ్చి, సలాం చేసి అడుగుతాడు: "హజ్రత్, మా వాడికి కాలేజీ సెలవులు ఇచ్చేస్తున్నారు. రెండు నెలలు ఇంట్లోనే ఉంటాడు. వాడి చేత ఏం చేయించమంటారు?"

నేను పాతికేళ్ళకు పైగా మదరసాలో అరబీ వ్యాకరణమూ హదీసూ బోధిస్తున్నవాణ్ణి. క్రియాపదం ఎక్కడ కనిపించినా దాని కర్త ఎవరని వెదకడం నాకు అలవాటు. 'చేయించు' అనే మాటలో ఇద్దరు ఉంటారు. చేసేవాడొకడు, చేయించేవాడొకడు. నన్ను అడిగిన తండ్రులందరూ రెండవవారి తరఫునే అడిగారు. "మా వాడు ఫలానా పని చేద్దామనుకుంటున్నాడు, మీ అభిప్రాయం ఏమిటి?" అని అడిగినవారు నాకు గుర్తున్నంతవరకు లేరు. నేనూ తక్కువ తినలేదు. "ఖుర్ఆన్ సవరించుకోమనండి, నలభై రోజులు జమాఅతులో పంపండి, కంప్యూటర్ క్లాసులో చేర్పించండి" అంటూ వైద్యుడు మందుచీటీ రాసినట్లు చెప్పేవాణ్ణి. ఆ కుర్రవాడు కొన్నిసార్లు అక్కడే, స్తంభానికి ఆనుకుని, తన గురించి జరుగుతున్న సంభాషణను పొరుగువారి తగాదా విన్నట్లు వింటూ నిలబడి ఉండేవాడు. అతని వైపు తిరిగి "నువ్వేమంటావు నాయనా?" అని నేను అడగలేదు.

ఈ లోపం నాకు తెలియజేసినది ఏ గ్రంథమూ కాదు, మా రెండవ అమ్మాయి. ఆ సంగతి చెప్పేముందు నా సొంత సెలవుల గురించి కొంత చెప్పవలసి ఉంది.

మదరసాలకు వేసవి సెలవులు ఉండవు. మా విద్యాసంవత్సరం చాంద్రమానాన్ని అనుసరించి షవ్వాల్‌లో మొదలై షాబాన్‌లో ముగుస్తుంది. సెలవులు రంజాన్‌లో వస్తాయి. చాంద్రమాన సంవత్సరం సౌరమానం కంటే దాదాపు 11 రోజులు చిన్నది గనుక, రంజాన్ ఏటా అంతే ముందుకు జరుగుతూ సుమారు 33 ఏళ్ళకు మళ్ళీ అదే ఋతువుకు చేరుకుంటుంది. నేను విద్యార్థిగా ఉన్న రోజుల్లో అది వేసవిలో వచ్చింది. 1987లో రంజాన్ ఏప్రిల్ చివర మొదలై మే చివరిదాకా సాగింది. గుంటూరు ప్రాంతపు మే నెల ఎండ ఎలాంటిదో తెలిసినవారికి ఆ ఉపవాసాల గురించి వేరే చెప్పనక్కరలేదు.

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. మూడవ తరగతి ముగియగానే బడి మానిపించి నన్ను హిఫ్జ్‌లో చేర్పించారు. అరబీ, ఉర్దూ ధారాళంగా చదివేవాణ్ణి. ఇంటా బయటా తెలుగు మాట్లాడేవాణ్ణి. కాని తెలుగు చదవడం మూడవ తరగతి దగ్గరే ఆగిపోయింది. మా వీధిలో పదవీ విరమణ చేసిన తెలుగు పంతులుగారొకరు ఉండేవారు. ఒకనాడు నేను దుకాణంలో వార్తాపత్రికను తలక్రిందులుగా పట్టుకున్నంత అయోమయంగా చూస్తుంటే ఆయన గమనించి, "సెలవుల్లో రోజూ పొద్దున్నే ఒక గంట రావయ్యా. నలభై రోజుల్లో పేపరు చదివేలా చేస్తాను. రుసుమేమీ వద్దు" అన్నారు. నా మనసు ఎగిరి గంతేసింది.

ఆ మాట ఇంట్లో చెప్పే ధైర్యం కూడగట్టుకునేలోగా మా అబ్బాజాన్ నా సెలవులను నిర్ణయించేశారు. పగలు మదరసా తరఫున రసీదు పుస్తకం పట్టుకుని ఊరూరా చందాలు వసూలు చేయాలి. రాత్రి ఒక పల్లెలో తరావీహ్ చదివించాలి. రెండూ పుణ్యకార్యాలే. నేను "సరే" అన్నాను. మా రోజుల్లో ఆ మాట తప్ప మరో మాట లేదు.

ఆ నెలంతా బస్టాండుల్లో గడిచింది. బస్సు బోర్డు మీది అక్షరాలను నేను కూడబలుక్కునేలోగా బస్సు కదిలిపోయేది. ఒకసారి ఊరి పేరులో మొదటి రెండక్షరాలు మాత్రమే చదివి ఎక్కి, చీకటి పడ్డాక మరో ఊళ్ళో దిగాను. ఆ రాత్రి తరావీహ్‌కు ఇమాము లేక ఆ పల్లెవాసులు ఎంతసేపు ఎదురుచూశారో అల్లాహ్‌కే తెలియాలి.

పంతులుగారు నేర్పుతానన్న ఆ చదువు నాకు ముప్పై ఏళ్ళు దాటాక గాని సాధ్యం కాలేదు. ఒక గ్రామంలో జుమా ప్రసంగం ఉర్దూలో ముగించి దిగుతుంటే ఒక వృద్ధుడు నా చేయి పట్టుకుని, "అయ్యా, మీరు ఏడుస్తూ చెప్పారు, నేను కూడా ఏడ్చాను. ఏం చెప్పారో ఇప్పుడు తెలుగులో చెప్పండి" అన్నాడు. ఆ మాటతో సిగ్గుపడి, మా పెద్దవాడి వాచకం ముందు పెట్టుకుని నేర్చుకోవడం మొదలుపెట్టాను. పద్దెనిమిదేళ్ళ వయసులో నలభై రోజుల్లో అయ్యే పనికి, సంసార బాధ్యతల నడుమ నాలుగేళ్ళు పట్టింది.

మా అబ్బాజాన్‌ను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. అల్లాహ్ ఆయనను మన్నించి, స్వర్గంలో ఉన్నత స్థానం ప్రసాదించుగాక! ఆయన అడిగి ఉంటే నేను చెప్పేవాణ్ణి. విని ఉంటే, పగలంతా చందాలకు తిప్పినా, ఆ ఉదయపు గంటను ఆయన నాకు విడిచిపెట్టేవారేమో. అడగకపోవడంలో దురుద్దేశం లేదు. అడగాలన్న తలంపే లేదు. ఆ అలవాటు ఆయన నుండి నాకు భూమి, ఇల్లు వచ్చినట్లే వారసత్వంగా వచ్చింది.

ఇక మా అమ్మాయి సంగతి. ఆమె అప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం పరీక్షలు ముగించుకుని ఇంటికి వచ్చింది. ఆ సెలవులను నేను ముందే పంచి పెట్టాను. ఉదయం ఖుర్ఆన్ సవరణ, మధ్యాహ్నం కుట్టుపని. వీటన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. మా ఆపా తన అత్తింటి వైపు నుండి ఒక సంబంధం తెచ్చింది. అబ్బాయి సౌదీలో ఉద్యోగం చేస్తున్నాడు. జూన్‌లో నలభై రోజుల సెలవు మీద వస్తాడు. అంతా కుదిరితే ఆ సెలవులోనే నికాహ్ జరిపించాలని పెద్దల ఆలోచన. అమ్మాయికి ఇంకా చెప్పలేదు. "ముందు చూపులు కానివ్వండి, తరువాత చెప్పవచ్చు" అని ఆపా అంది. నేనూ తలూపాను.

అమ్మాయి తన సంచిలో నుండి ఒక పుస్తకం తీసి చూపించింది. మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులు మొదటి సంవత్సరం తరువాతి వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అని ఒకటి చేయాలి. ఒక నివాస ప్రాంతాన్ని ఎంచుకుని, ఇంటింటికీ వెళ్ళి వారి జీవన పరిస్థితులు తెలుసుకుని, ఏదో ఒక సమస్య మీద అవగాహన కల్పించి, నివేదిక సమర్పించాలి. కనీసం 180 గంటలు పనిచేయాలి. ఏ రోజు ఏం చేసిందీ లాగ్‌బుక్కులో రాసి, అధ్యాపకుల సంతకం తీసుకోవాలి. దీనికి మార్కులు కూడా ఉంటాయి.

180 గంటలంటే రోజుకు ఆరు గంటల చొప్పున నెల రోజులు! నేను పంచిపెట్టిన దినచర్యలో అంత చోటు లేదు. వయసు వచ్చిన ఆడపిల్ల ఇంటింటికీ తిరగడం నాకు నచ్చనూ లేదు. అప్పుడు నా నోట వచ్చిన మాటను ఇక్కడ దాచకుండా రాస్తున్నాను. రాయకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

"ఇలాంటి రిపోర్టులు బజారులో జిరాక్సు దుకాణాల్లో తయారుగా దొరుకుతాయట కదమ్మా. పేరు మార్చి ఇస్తారట. పిల్లలు చాలామంది అలాగే చేస్తున్నారని విన్నాను. డబ్బులిస్తాను, తెచ్చుకో" అన్నాను.

అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా అంది: "అబ్బా, కొనుక్కోవచ్చు. కాని మొదటి పేజీలో 'ఈ పని నేను స్వయంగా చేశాను' అని ఉంటుంది. దాని కింద సంతకం నేను చేయాలి." మళ్ళీ కొంచెం ఆగి, "మీరు పిల్లలకు సనద్ పాఠం చెప్పేటప్పుడు వంటింట్లో నాకు వినిపిస్తూ ఉంటుంది. ఒక్క రావీ అబద్ధమాడాడని తేలితే అతని హదీసును ఏం చేస్తారు, అబ్బా?"

"విడిచిపెడతాం" అన్నాను. అంతకంటే మాట పెగల్లేదు.

హదీసు విద్యార్థులకు మేము మొదట నేర్పేది ఇదే. ఒక వాక్యాన్ని స్వీకరించే ముందు దాన్ని చెప్పినవాడి సత్యసంధతను చూడాలి. శతాబ్దాల క్రితం ఇమాములు ఒక్కొక్క ఉల్లేఖకుని జీవితాన్ని ఎంత నిశితంగా పరిశీలించారో నేను గంటలకొద్దీ ఉపన్యసిస్తాను. అలాంటి నేను నా బిడ్డ చేత తప్పుడు సంతకం పెట్టించబోయాను. అదీ 'చేయించడమే'.

అయినా నేను మంచి మనసుతో ఒప్పుకున్నానని చెప్పలేను. "సరే, కాని మన మసీదు వెనుక వీధులు దాటి వెళ్ళకూడదు. మీ అమ్మ వెంట ఉండాలి" అని షరతులు పెట్టాను. ఆమె రెండింటికీ ఒప్పుకుంది. అధ్యాపకురాలితో మాట్లాడి, ఆ వీధుల్లో మిర్చి తొడిమలు తీసే మహిళల ఆరోగ్యాన్ని తన అంశంగా తీసుకుంది. నలభై ఇళ్ళు తిరగాలని నిర్ణయించుకుంది.

మిరప పంట చేతికొచ్చే కాలంలో మా ప్రాంతపు పేద ఇళ్ళలో ఆడవారికి దొరికే పని ఇది. ఎండుమిరప కాయల తొడిమలు తుంచి వేరు చేస్తే కిలోకు ఇంత అని ఇస్తారు. ఈ మాత్రం నాకు తెలుసు. తెలియనిది మా అమ్మాయి లాగ్‌బుక్కుకు ముందు చిత్తుగా రాసుకునే నోటుపుస్తకంలో ఉంది. ఒక రాత్రి ఆమె నిద్రపోయాక ఆ పుస్తకం బల్ల మీద కనిపించింది. తెరిచి చదివాను.

ఘాటు ఎగిరి కళ్ళలో పడుతుందని ఆ గదుల్లో ఎండాకాలంలో కూడా ఫ్యాను వేయరు. చేతులకు నూనె రాసుకుని కూర్చుంటారు. అయినా రాత్రి మంటకు నిద్ర పట్టదు. ఒక తల్లి, పాలు తాగే బిడ్డను ఎత్తుకోవడానికి భయపడి, పని ముగిశాక కూడా చాలాసేపు బిడ్డను అత్తగారి ఒడిలోనే ఉంచుతుంది. ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు పదవ తరగతి తరువాత అమ్మ పక్కన కూర్చుని తొడిమలే తీస్తున్నారు. మరో ఇంటి పెద్దామె, తాను రోజూ మింగుతున్న మాత్ర దేనికోసమో పట్టీ మీద చదవలేనని చెప్పింది.

ప్రశ్నావళిలో చివరి ప్రశ్న: "మీ బాగోగులు తెలుసుకోవడానికి బయటి నుండి ఎవరైనా వస్తుంటారా?" చాలామంది "ఎవరూ రారు" అన్నారు. ఒక ఇంటి జవాబు మాత్రం ఇలా ఉంది: "మసీదువాళ్ళు వస్తారు. రసీదు పుస్తకం తెస్తారు."

అది ఫిర్యాదు కాదని మా అమ్మాయి పక్కనే రాసుకుంది. ఆమె నవ్వుతూ చెప్పిందట. ప్రతి రంజాన్‌లోనూ తన శక్తికొద్దీ ఇస్తానని కూడా చెప్పిందట. ఆ ఇల్లు నాకు తెలుసు. ఆ గుమ్మం ముందు నేను ఎన్నో ఏళ్ళుగా నిలబడ్డాను. ఆమె ఇచ్చిన నోటును రెండు వేళ్ళతో అందుకుని, రసీదు చించి ఇచ్చి, దుఆ చేసి, పక్క ఇంటికి వెళ్ళాను. ఆమె చేతివేళ్ళు ఎలా ఉన్నాయో ఎన్నడూ చూడలేదు. 1987లో నా చేతికి వచ్చిన రసీదు పుస్తకమే నన్ను అన్నేళ్ళుగా ఆ గుమ్మం దగ్గరే ఆపేసిందని ఆ రాత్రి అర్థమైంది. నేను ఆ వీధిలో ఉన్న కాలం కంటే మా అమ్మాయి అక్కడ గడిపిన కొద్ది వారాలే ఎక్కువ లోతుగా వెళ్ళాయి. కారణం, ఆమె తీసుకోవడానికి వెళ్ళలేదు, అడిగి తెలుసుకోవడానికి వెళ్ళింది.

అక్కడ పెద్ద మార్పులేవో జరిగిపోయాయని నేను చెప్పను. మా అమ్మాయి ఆశా కార్యకర్తను పిలిపించి ఆ మహిళలతో మాట్లాడించింది. చేతులకు తొడుగులు కొనిచ్చాం. రెండు రోజుల్లోనే తీసేశారు. తొడుగులతో కాయ జారిపోతుందని, పని సగమే అవుతుందని చెప్పారు. కిలోల లెక్కన కూలి వచ్చేవారికి అది నిజమే కదా. నిలిచినది ఒకటే. మగ్రిబ్‌కు ముందు మా వరండాలో ఒక గంట పాటు, ఆ ఇళ్ళ ఆడవారికి అరబీ ఖాయిదాతో పాటు తెలుగు అక్షరాలు నేర్పడం. మా అమ్మాయి సెలవులు అయిపోయాక దాన్ని మా ఇంట్లో ఆవిడ కొనసాగిస్తోంది. మాత్రల పట్టీ చదవలేనన్న పెద్దామె ఇప్పుడు దాని మీది పేరును కూడబలుక్కుంటుంది. ఆ సంవత్సరం మా మసీదు కమిటీ ముందు నేను ఆ నోటుపుస్తకంలోని విషయాలను, పేర్లు చెప్పకుండా వినిపించాను. ఆ వీధులకు ఇకపై రసీదు పుస్తకం తీసుకెళ్ళవద్దని, జకాతు పంపిణీలో ముందుగా ఆ ఇళ్ళను చూడాలని అనుకున్నాం.

సంబంధం సంగతి మిగిలింది. ఆ రాత్రి నోటుపుస్తకం మూసి, నిద్ర రాక కూర్చున్నప్పుడు నాకు ఇబ్రాహీం ప్రవక్త (అలైహిస్సలాం) గుర్తుకు వచ్చారు. కుమారుని బలి ఇస్తున్నట్లు ఆయన కల కన్నారు. ప్రవక్తల కల దైవాజ్ఞతో సమానం. ఆజ్ఞ వచ్చాక ఇక అడగవలసిందేముంది? అయినా ఆయన కుమారునికి విషయం చెప్పి, నీ అభిప్రాయం ఏమిటని అడిగారని దివ్యఖుర్ఆన్ సాఫ్ఫాత్ సూరా తెలియజేస్తోంది. దైవాజ్ఞ విషయంలోనే ఒక తండ్రి బిడ్డను అడిగాడు. ఇక మన ఇళ్ళలో సెలవుల విషయం, చదువు విషయం, పెళ్ళి విషయం అంతకంటే గొప్పవా? బఖరా సూరాలో చంటిబిడ్డ చేత పాలు మాన్పించే విషయంలో కూడా తల్లిదండ్రులు పరస్పర అంగీకారంతో, సంప్రదింపుతో నిర్ణయించుకోవాలన్న మార్గదర్శనం ఉంది. ఇద్దరు పెద్దలు ఒక శిశువు పాల గురించి మష్వరా చేయాలని నేర్పిన ధర్మం, పందొమ్మిదేళ్ళ మనిషిని ఆమె జీవితం గురించి అడగవద్దని చెబుతుందా?

మర్నాడు ఫజ్ర్ తరువాత అమ్మాయికి సంబంధం సంగతి మొత్తం చెప్పాను. అబ్బాయి మంచివాడని కూడా చెప్పాను. అది నిజం. ఆమె వెంటనే జవాబివ్వలేదు. రెండు రోజుల వ్యవధి అడిగింది. ఇస్తిఖారా నమాజు చేసుకుంది. తరువాత వచ్చి, "డిగ్రీ పూర్తయ్యాక మీరు ఎవరిని చూపినా చూస్తాను, అబ్బా. ఇప్పుడు వద్దు" అంది.

ఆపాకు ఆ మాట చేరవేయడం నాకు చాలా కష్టమైంది. "పిల్లను అడిగి చెబుతావా? మనల్ని ఎవరు అడిగారు?" అంది. ఆమె మాటలో కోపం కంటే బాధ ఎక్కువ ఉంది. నిజమే, ఆమెను ఎవరూ అడగలేదు. పద్నాలుగేళ్ళకే ఆమె నికాహ్ జరిగింది. అబ్బాయి సెలవు ఎవరి కోసమూ ఆగదు. ఆ జూన్‌లోనే అతనికి మరోచోట పెళ్ళయింది. ఆపా పండుగలకు వస్తుంది, సేమియా తింటుంది, కాని మునుపటిలా మనసు విప్పి మాట్లాడడం లేదు. బంధుత్వాన్ని కలుపుకోవడం కూడా విధే గనుక, నేను నెలకొకసారైనా ఆమె గుమ్మం ఎక్కుతూనే ఉన్నాను. అడిగి నిర్ణయించినంత మాత్రాన అందరూ సంతోషిస్తారని ఏ తల్లిదండ్రులకూ నేను భరోసా ఇవ్వలేను.

ఇప్పుడు నన్ను ఎవరైనా "ఏం చేయించమంటారు?" అని అడిగితే, "మీ వాడిని కూడా పిలవండి, ముగ్గురం కూర్చుందాం" అంటున్నాను. కూర్చున్నాక ఆ విద్యార్థి చేతికి ఒక కాగితం ఇస్తాను. మా ఫిఖ్హ్ పాఠాల్లో పనులకు ఒక వరుస ఉంటుంది. ముందు విధి, తరువాత ఇతరుల హక్కు, ఆ తరువాత అదనపు సత్కార్యం. సెలవులకు కూడా ఈ వరుసే సరిపోతుందని నా అనుభవం.

మొదట విధి. నీ మీద మిగిలి ఉన్న బాకీలేమిటో రాయి. తప్పిపోయిన నమాజులు, ఉపవాసాలు ఉన్నాయా? కాలేజీలో తప్పిన సబ్జెక్టు ఉందా? ఫీజు కోసం తల్లిదండ్రులు చేసిన అప్పులో నీ రెక్కల కష్టంతో తీర్చగలిగిన భాగం ఉందా? బాకీలు ఉండగా అలంకారాలకు పరుగెత్తకూడదు. ఒక సబ్జెక్టు తప్పినవాడిని నలభై రోజులు ఊళ్ళు తిరగమని పంపడం గాని, ఇంట్లో పొయ్యి వెలగని స్థితిలో ఉన్నవాడిని వేల రూపాయల కోర్సులో చేర్పించడం గాని వివేకం కాదు. సెలవుల్లో దుకాణంలో నిలబడి సంపాదించిన హలాల్ కూలి ఏ సర్టిఫికెట్టుకూ తీసిపోదు.

రెండవది హక్కు. ఈ రెండు నెలల్లో నీ అవసరం ఎవరికి ఉంది? కళ్ళు సరిగా కనబడని నానీ ఉండవచ్చు. ఏడాదంతా ఒంటరిగా ఇల్లు ఈడ్చిన అమ్మ ఉండవచ్చు. పొలంలో ఒక్కడే ఉన్న అబ్బా ఉండవచ్చు. మసీదులో వేసవి దీనీ తరగతులకు వచ్చే చిన్నపిల్లలకు లెక్కలూ తెలుగూ చెప్పేవారు లేకపోవచ్చు. ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మనవి. హక్కుల పేరుతో ఆడపిల్ల సెలవులన్నిటినీ వంటింటికి, మగపిల్లవాడి సెలవులన్నిటినీ నిద్రకు రాసివ్వకండి. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో సాయపడేవారని హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) తెలియజేశారు. అది మగపిల్లలకు కూడా పాఠమే.

మూడవది అదనం. పై రెండూ పోగా మిగిలిన సమయంలో ఒకే ఒక్క విద్యను ఎంచుకో. నాలుగు వద్దు. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజియల్లాహు అన్హు) చిన్న వయసులోనే దైవప్రవక్త (స) ఆదేశంతో యూదుల లిపిని నేర్చుకున్నారు. దానికి ఆయనకు అర్ధమాసం కూడా పట్టలేదని తిర్మిజీ హదీసు సంకలనంలో ఉంది. తరువాతి కాలంలో ఖుర్ఆన్‌ను ఒకచోట సంకలనం చేసే మహత్కార్యం ఆయనకే అప్పగించబడింది. మీ సెలవులు అర్ధమాసం కంటే ఎక్కువే. అది తజ్వీదు కావచ్చు, వాహనం నడపడం కావచ్చు, కంప్యూటరు భాష కావచ్చు, నాలాంటివాడికైతే తెలుగు కావచ్చు. ఏదైనా ఒకటి, చివరికంటా.

ఈ మూడు వరుసలూ ముందు విద్యార్థి రాయాలి. తరువాత తల్లిదండ్రులు చదవాలి. కొట్టివేయాలనిపిస్తే కారణం చెప్పి కొట్టివేయాలి. తల్లిదండ్రుల అనుభవాన్ని నేను తక్కువ చేయడం లేదు. పిల్లల ఎంపికలన్నీ సరైనవే ఉంటాయనీ అనడం లేదు. కానీ, చెప్పిన పని చేసిన పిల్లవాడు ఫలితాన్ని తండ్రి ఖాతాలో వేస్తాడు. తాను ఎంచుకున్న పని చేసినవాడు తన ఖాతాలో వేసుకోవలసి ఉంటుంది. రేపు తీర్పుదినాన యవ్వనాన్ని దేనిలో గడిపావన్న ప్రశ్న అతడినే అడుగుతారు గాని, అతని తండ్రిని కాదు. ఆ జవాబు చెప్పడం ఇప్పటినుండే నేర్చుకోవాలి కదా.

విద్యార్థులారా, మీతోనూ ఒక మాట. మిమ్మల్ని అడగడం లేదని నొచ్చుకునే మీరు, అడిగినప్పుడు చెప్పడానికి ఏమైనా సిద్ధం చేసుకున్నారా? నేను కాగితం ఇచ్చిన కుర్రవాళ్ళలో కొందరు దాన్ని ఖాళీగానే తిరిగి ఇచ్చారు. ఇషా తరువాత ఫోను పట్టుకుని ఫజ్ర్ వేళకు పడుకునేవారి సెలవులు ఎవరూ నిర్ణయించకుండానే నిర్ణయమైపోతాయి. ఆరోగ్యం, తీరిక అనే రెండు అనుగ్రహాల విషయంలో చాలామంది నష్టపోతుంటారని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆ రెండూ ఒకేసారి చేతిలో ఉండే కాలం కాలేజీ సెలవులే. ఉద్యోగం వచ్చాక తీరిక పోతుంది, తీరిక వచ్చేసరికి ఆరోగ్యం పోతుంది. మీరు అడిగి తీసుకున్న పనిని లాగ్‌బుక్కులో సంతకం చేసినంత నిజాయితీగా చేయండి. అప్పుడు రెండవ వేసవికి మీ తల్లిదండ్రులే ముందుగా మిమ్మల్ని అడుగుతారు.

మా అమ్మాయి ఇప్పుడు చివరి సంవత్సరంలో ఉంది. మొన్న సెలవులకు ముందు ఫోనులో మాట్లాడుతూ, "ఈసారి ఏం చేద్దామనుకుంటున్నావమ్మా?" అని అడిగాను. అటువైపు కాసేపు నిశ్శబ్దం. తరువాత నవ్వి, "మీరేం అనుకుంటున్నారో ముందు చెప్పండి, అబ్బా" అంది. ఇద్దరం కలిసి నిర్ణయించడానికి అరగంట పట్టింది.

మన సంతానానికి ఉపయోగకరమైన జ్ఞానాన్నీ, మనకు వారి మాట వినగలిగే హృదయాన్నీ అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.